మా స్వస్థత కూడికలకి లెక్కాపత్రం పెడదామనుకుంటున్నాం, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

మలికిపురం_మేనల్లుడు:
అందరికీ వందనాలండి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. మా మేనమామ ఊళ్ళో శుక్రవారం ఉపవాస ప్రార్థన పెడతారు, మొదట్లో అమ్మమ్మగారి పెంకుటింటి అరుగు మీద పదిమంది కూర్చునేవారు, తర్వాత రేకుల షెడ్డు వేశాం, ఇప్పుడు అదీ చాలట్లేదు, చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు వైపు నించి కూడా ఆటోలు మాట్లాడుకుని వస్తున్నారు. ప్రార్థన చేయించుకున్నాక తగ్గిందని చెప్పేవాళ్ళు నిజంగానే ఉన్నారు, దాని మీద వాదించడానికి నేను రాలేదు. నా బెంగ వేరే. కానుకలన్నీ మావయ్య సొంత ఫోన్‌పే నంబరుకే వస్తాయి, ఇంటి కరెంటు బిల్లూ అందులోంచే, షెడ్డు రేకులూ అందులోంచే, పిల్లల ఫీజులూ అందులోంచే. ఏది ఎంతో ఎవరికీ తెలీదు, ఆయనకీ తెలీదనే నా అనుమానం. తినేసే మనిషి కాదు. కానీ కిళ్ళీకొట్టు దగ్గర ఒకాయన "మీ మావయ్యకి బానే వర్కవుటవుతున్నట్టుందే" అన్నాడు, నా దగ్గర చెప్పడానికి కాయితం ముక్క లేదు. బాగయ్యామని జనం చెప్పే సాక్ష్యాల వీడియోలూ, లోపలి గదిలో విడిగా చేసే ప్రార్థనా, వీటికి కూడా ఏ పద్ధతీ లేదు. ఆయన్ని చిన్నబుచ్చకుండా ఎలా మొదలెట్టాలి? మీ సంఘాల్లో ఎలా చేస్తున్నారు?

లెక్కల_మాస్టారు:
తమ్ముడూ, ముందు డబ్బు దగ్గర మొదలెట్టు, అదే తేలిక, మిగతావి మనుషులతో పని. నేను లూథరన్ సంఘంలో ట్రెజరర్‌గా చేశాను. మొదటి పని, ఆ ఫోన్‌పే నంబరు ఆపించడం. ఏడుగురు పెద్దమనుషులు కలిస్తే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకోవచ్చు, మత సంబంధమైన పనికీ అది కుదురుతుంది. తర్వాత సొసైటీ పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, చెక్కు మీద ఇద్దరి సంతకాలు. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లోవాళ్ళు కాకూడదు, మావయ్యా అత్తయ్యా సంతకాలు పెడితే అది ఒక్క సంతకమే.

ఇక కానుకల పెట్టె. కూడిక అయిపోగానే అక్కడికక్కడే, జనం చెప్పులేసుకుంటుండగానే, ఇద్దరు కూర్చుని లెక్కపెట్టాలి. 500లు ఎన్ని, 200లు ఎన్ని, చిల్లర ఎంత, ఒక చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం, ఆ చీటీ ఫోటో తీసి కమిటీ గ్రూపులో. బ్యాంకు తెరిచిన రోజు మొత్తం జమ. అందులోంచి "టీలకి ఒక రెండొందలు తీసుకుందాం" అనకూడదు, టీలక్కూడా ఖాతాలోంచి తీసి ఓచరు రాయాలి. చాదస్తంలా ఉంటుంది, అలవాటైతే పది నిమిషాల పని.

అభిషేకం_ఆనంద్:
ప్రైజ్ ది లార్డ్ బ్రదర్స్. క్షమించాలి, ఇదంతా లోకపు పద్ధతి. నేను అభిషేకించినవారిని ముట్టకూడదని కీర్తనల్లో 105లో దేవుడే చెప్పాడు. సేవకుణ్ణి లెక్కలడగడం మొదలెడితే ఆత్మ కార్యాలు ఆగిపోతాయి, చూసినవాణ్ణి చెప్తున్నా. 2 రాజులు 12 చదవండి, నమ్మకస్థుల చేతికి డబ్బిచ్చి లెక్క అడగలేదని 15వ వచనంలో స్పష్టంగా ఉంది.

లెక్కల_మాస్టారు:
ఆనంద్ గారూ, మంచి అధ్యాయమే తెచ్చారు, కాస్త పైనించి చదువుదాం. యోవాషు రాజు ఏలుబడి 23వ సంవత్సరం దాకా యాజకులు మందిరానికని డబ్బు తీసుకుంటూనే ఉన్నారు, మందిరంలో బీటలు బీటలుగానే ఉన్నాయి. అప్పుడు యాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకి బెజ్జం పెట్టించి బలిపీఠం పక్కన పెట్టించాడు. పెట్టె నిండితే తెరిచేది ఎవరు? 10వ వచనం, రాజుగారి లేఖరీ ప్రధాన యాజకుడూ, ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. 15వ వచనంలో లెక్క అడగనిది ఆ డబ్బు తీసుకుని వడ్రంగులకీ రాళ్ళు కొట్టేవాళ్ళకీ కూలి పంచిన మేస్త్రీలని, అదీ పెట్టె దగ్గర ఇంత కట్టుదిట్టం అయ్యాక. ముందరి అయిదు వచనాలు వదిలేసి ఆ ఒక్కటి పట్టుకుంటే ఎలాగండి.

పాలకొల్లు_పెద్దాయన:
ఆయ్, మాస్టారు బాగా చెప్పేరండి. ఇంకోటి, దావీదు అభిషేకం పొందిన రాజే కదండీ, ఆయన తప్పు చేత్తే నాతాను ప్రవక్త ఎదురుగా నించుని ఆ తప్పు చేసిన మనిషివి నువ్వే అనలేదా? ముట్టకూడదంటే కత్తి పెట్టకూడదని, అడగకూడదని కాదు.

మాది బ్రదరన్ సమాజం. 1836లో గ్రోవ్స్ దొర వెంట ఓడెక్కొచ్చిన బౌడెన్, బీర్ దొరలు మా నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలెట్టేరు. ఆ గ్రోవ్స్ పళ్ళ డాక్టరు, ప్రాక్టీసు వదిలేసుకుని వచ్చినాయన. జీతం ఇత్తామని పూచీ పడ్డ సంస్థేదీ ఎనకాల లేదు. ఇప్పటికీ మాకు సంఘానికి ఒక్క పాస్టరు అని ఉండడు, పెద్దలు నలుగురైదుగురు ఉంటారు, జబ్బుగా ఉన్నోళ్ళింటికి ఇద్దరు ముగ్గురు కలిసే ఎల్తారు, యాకోబు పత్రికలో చెప్పింది కూడా పెద్దల్ని పిలిపించమనే. పేరు ఒక్కడికే రాకుండా ఉంటదండి, అదే పెద్ద కాపలా. మీ మావయ్య పక్కన ఇంకో ఇద్దర్ని నిలబెట్టు బాబూ, ఆయనే ఎంచుకుని కాదు, సంఘం ఎంచినోళ్ళని.

స్టాఫ్‌నర్సు_భీమవరం:
డబ్బు సంగతి మీరు చూసుకోండి, నేను మాత్రల సంగతి చెప్తాను. నేనూ విశ్వాసినే, డ్యూటీకి వెళ్ళేముందు ప్రార్థన చేసుకునే వెళ్తాను.

మా వార్డుకి ఒక అమ్మాయి వచ్చింది, ఇంటర్ చదువుతోంది, చిన్నప్పట్నించి ఫిట్స్. ఏదో సభలో చేతులుంచి ప్రార్థన చేశారు, స్టేజి మీద "నీకు విడుదల వచ్చింది" అన్నారు. మాత్రలు ఆపమని ఎవరూ చెప్పలేదు, అది నిజమే. ఆపొద్దని కూడా ఎవరూ చెప్పలేదు. వాళ్ళమ్మ మర్నాటి నించి ఆపేసింది, వేసుకుంటే నమ్మకం లేనట్టు అవుతుందని. వారం తిరక్కుండా ఫిట్ మీద ఫిట్, మధ్యలో తెలివి రాకుండా, ఐసీయూలో పెట్టాల్సొచ్చింది. వాళ్ళమ్మ సంచీ తీసి చూపిస్తే ప్రార్థన నూనె సీసా, దాని కిందే మాత్రల షీటు, సగం దాకా చింపి ఉంది, మిగతా సగం అలాగే ఉంది. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే అలాగే అవుతుందండి, తగ్గించాలన్నా డాక్టరు నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తారు. టైప్ 1 షుగర్ పిల్లాడికి ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లో ప్రాణం మీదకొస్తుంది. టీబీ అయితే ఇంకో రకం, రెండు నెలలు మందులు వాడగానే దగ్గు తగ్గి ఆకలేస్తుంది, స్వస్థత అయిందనుకుని మానేస్తారు, కోర్సు కనీసం ఆరు నెలలు. మధ్యలో ఆపితే మందులకి లొంగని టీబీ అయి కూచుంటుంది, ఇంట్లో పిల్లలకీ అంటిస్తారు.

అందుకని ప్రతి కూడికలో, ప్రార్థన మొదలెట్టకముందే, మీ మావయ్యే స్వయంగా మైకులో చెప్పాలి, "డాక్టరు ఆపమనే దాకా ఎవరూ మందులు ఆపకండి" అని. ఇంకెవరో చెప్తే కుదరదు, చేతులుంచే మనిషి నోట్లోంచే రావాలి. పౌలు తన పక్కన పనిచేసిన త్రోఫిముని రోగిగా ఉంటే మిలేతులో వదిలి వెళ్ళాడు, తిమోతికి కడుపు బాగోకపోతే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. వాళ్ళకి విశ్వాసం లేదంటామా?

సందేహాల_సుబ్బు:
నేను దేవుణ్ణి నమ్మను, ముందే చెప్పేస్తున్నా, తిట్టుకోకండి. ఒక పాత సంగతి చెప్తా. అమెరికాలో పీటర్ పాపాఫ్ అని ఒకాయన సభల్లో జనాన్ని పేరు పెట్టి పిలిచి, నీ జబ్బు ఇదీ, నీ అడ్రసు ఇదీ అని చెప్పేవాడు, జనం దేవుడు బయలుపరిచాడనుకునేవారు. 1986లో ఇలాంటి మోసాలు బయటపెట్టే మెజీషియన్ జేమ్స్ రాండీ మనుషులు రేడియో స్కానరు పట్టుకెళ్ళి వింటే, ఆయన భార్య వెనకాల కూర్చుని ప్రార్థన కార్డులు చదివి చెవిలో బుల్లి మిషన్‌కి చెప్తోంది. టీవీలో వేసేశారు, మరుసటేడు ఆయన దివాలా పిటీషను పెట్టుకున్నాడు. మన దగ్గర కూడా గేటు దగ్గర ఫారాలు నింపిస్తారు కదా, పేరు, ఊరు, జబ్బు. ఆ ఫారాలు స్టేజి ఎక్కే మనిషి చేతికి ముందే వెళ్తాయా వెళ్ళవా అనేది చూసుకోండి, నేనైతే మొదట అడిగేది అదే.

ఇంకోటి, మన జిల్లా పేపర్లలో వాడపల్లి వెంకన్న హుండీ లెక్కించారు, ఇంత వచ్చింది అని వేస్తారు, అన్నవరానిదీ వేస్తారు. అక్కడ గొడవలు లేవని కాదు, ఉన్నాయి, కానీ అంకె బయటికి వస్తుంది. మీ షెడ్డు దగ్గర ఒక బోర్డు పెట్టడానికి ఏం అడ్డం?

మలికిపురం_మేనల్లుడు:
సుబ్బుగారూ తిట్టుకోవడం ఎందుకండి, ఫారాల సంగతి నాకు తట్టనే లేదు. మా దగ్గర ఫారాలు నింపేది మా తమ్ముడు, అవి తిన్నగా మావయ్య బల్ల మీదకే వెళ్తాయి. ఆయన చూసి మాయ చేసే రకం కాదు గానీ చూశాక "నీ మోకాలి నొప్పి దేవుడు చూపిస్తున్నాడు" అంటే రెండూ ఎవరు విడదీస్తారు.

గౌరీపట్నం_యాత్రికుడు:
నేను కతోలికుణ్ణి, ప్రతి ఏడూ నిర్మలగిరి వెళ్ళొస్తాం. సాక్ష్యాల గురించి మా వైపు పద్ధతి చెప్తాను. ఫ్రాన్సులో లూర్దు అని మరియమ్మ క్షేత్రం, 1858 నించి జనం వెళ్తున్నారు. 1883లో అక్కడ డాక్టర్ల ఆఫీసు పెట్టారు, ఎవరైనా బాగయ్యానంటే పాత రిపోర్టులు, కొత్త రిపోర్టులు, ఏ మందులు వాడారు అన్నీ చూస్తారు, ఏళ్ళ తరబడి చూస్తారు, మళ్ళీ తిరగబెట్టిందా అని కూడా. నమ్మని డాక్టరు వచ్చి పరీక్షిస్తానన్నా రానిస్తారు. ఏడు వేలకి పైగా మంది బాగయ్యామని చెప్పుకుంటే ఇన్నేళ్ళలో మా కతోలిక సంఘం అద్భుతం అని ఒప్పుకున్నవి డెబ్బై చిల్లరే. మిగతావాళ్ళు అబద్ధమాడారని కాదు, తేల్చి చెప్పలేం అని. దానివల్ల లూర్దు వెళ్ళే జనం ఏమన్నా తగ్గారా? లేదే.

అభిషేకం_ఆనంద్:
అంటే దేవుడు చేసినదానికి డాక్టరు స్టాంపు కావాలా? యేసుప్రభువు ఎవరి దగ్గర సర్టిఫికెట్ తీసుకున్నాడు?

పాలకొల్లు_పెద్దాయన:
తీసుకోమన్నాడు కదయ్యా. మార్కు మొదటి అధ్యాయంలో కుష్ఠరోగిని బాగుచేసి, ఎవరితోనూ చెప్పొద్దు, ఎళ్ళి యాజకుడికి నీ ఒళ్ళు చూపించుకో అన్నాడు. లేవీయకాండం 14 ప్రకారం యాజకుడు చూసి బాగయ్యాడంటేనే పాళెంలోకి రానిచ్చి, ఏడు రోజులు తన గుడారం బయటుంచి, ఎనిమిదో రోజు అర్పణలు అయ్యాక గానీ పని పూర్తి కాదు. ఆ రోజుల్లో ఆ చూసే పని యాజకులదే.

మస్కట్_అక్క:
నేను ఇక్కడ ఇళ్ళల్లో పని చేసుకుంటాను, మాది సఖినేటిపల్లి. ఏ పరిచర్య అని చెప్పను గానీ, నెలనెలా జీతం రాగానే పదో వంతు ఊళ్ళో ఒకరికి పంపేదాన్ని, అనాథ పిల్లలకి భోజనం అనేవారు. పిల్లల ఫోటోలు పంపేవారు. ఒకసారి చూస్తే ఆ ఫోటోలో పిల్లలే, అవే గౌన్లే, పాత ఏడాది ఫోటోలోవి. అడిగితే "అక్కా నీ విశ్వాసం చల్లారిపోతోంది, ప్రార్థన చేస్తాం" అని మెసేజ్. నాకు ఇంకేమీ అక్కర్లేదండి, ఒక రసీదు, ఏడాదికోసారి ఒక పేజీ లెక్క. అంతే. అది ఇచ్చేవాళ్ళకి ఇంకో వంద ఎక్కువే పంపుతాను.

ఒక డౌటు, మేం ఇక్కణ్ణుంచి పంపితే విదేశీ డబ్బు కింద వస్తుందా? దానికి పర్మిషన్ కావాలంటారు కదా.

లెక్కల_మాస్టారు:
అమ్మా, నీకున్నది ఇండియన్ పాస్‌పోర్టు అయితే, నీ సొంత జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. కానీ అమెరికాలో సిటిజన్‌షిప్ తీసుకున్న మేనకోడలు పంపితే అది విదేశీ విరాళమే, మనవాళ్ళే కదా అంటే కుదరదు. దానికి 2010 ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి, ఆఫీసు ఖర్చులు అందులో 20 శాతం దాటకూడదు. మీ షెడ్డు స్థాయికి ఇప్పుడే దాని జోలికెళ్ళొద్దు అంటాను. ఎవరన్నా ఫారిన్ ఫండ్ ఇప్పిస్తామని తిరిగితే దూరంగా ఉండండి.

స్త్రీల_సమాజం_అమలాపురం:
ఎవరూ లోపలి గది గురించి మాట్లాడలేదు, మగవాళ్ళు కదా. నేను చెప్తాను. మా దగ్గర ఆడవాళ్ళకి ప్రార్థన అంటే ఆడవాళ్ళే చేతులుంచుతారు, పాస్టరుగారు రెండడుగుల దూరంలో నించుని ప్రార్థన చేస్తారు. విడిగా మాట్లాడాలంటే కిటికీలు తీసున్న గది, తలుపు బార్లా, బయట బెంచీ మీద సమాజం నించి ఒకరు. లోపలి మాటలు వినపడవు, మనుషులు కనపడతారు. రాత్రిపూట ఫోన్ చేసి ఏడ్చేవాళ్ళుంటే పాస్టరుగారు తన భార్యకి ఇస్తారు ఫోను. మైనరు పిల్ల ఎవరైనా తనకి ఇంట్లోనో బయటో జరిగిన చెడ్డ పని చెప్పుకుంటే, ప్రార్థన చేసి పంపేయడం కాదు, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే వాళ్ళ మీదే కేసు. ఆ తప్పు చేసింది సంఘ పెద్ద అయినా సరే.

ఇంకోటి, వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశాలు పెడతారు కదా, "ఫలానా సహోదరికి ఫలానా జబ్బు" అని. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంగతి వాళ్ళ ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టంలోనే ఉంది. మా దగ్గర ఒక చెల్లి ఊరొదిలి వెళ్ళిపోయింది అలా ఒక మెసేజ్ వల్ల. పేరు పెట్టకుండా "ఒక సహోదరి కోసం" అంటే దేవుడికి అర్థం కాదా?

మోడరేటర్:
మధ్యలో రెండు పోస్టులు తీసేశాను, ఒక పాస్టరు గారి పేరూ ఊరూ పెట్టి ఆరోపణలు చేశారు. ఆధారాలుంటే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి. ఇక్కడ పేర్లు వద్దు.

అయ్యగారి_ఇల్లాలు:
అందరూ లెక్కలు లెక్కలు అంటున్నారు, సంతోషం. పాస్టర్ల ఇళ్ళవాళ్ళం, మా వైపు కూడా వినండి. రాత్రి రెండింటికి ఎవరికో ఆయాసం వస్తే అయ్యగారికి ఫోన్. బండిలో పెట్రోలు మాది. కూడిక అయ్యాక దూరం నించి వచ్చినవాళ్ళకి అన్నం నేను వండుతాను, బియ్యం ఎక్కణ్ణుంచి వచ్చాయని ఇన్నేళ్ళలో ఒక్కరు అడగలేదు. నెలకి ఇంత అని ఎవరూ అనుకోలేదు, ఒక నెల కానుకలు బాగుంటే గ్యాసు బండ, లేకపోతే పొయ్యి. ఇప్పుడొచ్చి "ఆ డబ్బు ఏం చేశారు" అంటే ఏం చెప్తాను, తిన్నామని చెప్తాను. లెక్క కావాలంటే ముందు మాకు జీతం అని ఒకటి రాయండి, తక్కువైనా పరవాలేదు. అప్పుడు పెట్టెలో ప్రతి రూపాయీ మీరే లెక్కపెట్టుకోండి, నేను హాయిగా నిద్రపోతాను.

లెక్కల_మాస్టారు:
అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. జీతం, పెట్రోలు, వచ్చినవాళ్ళ భోజనం మూడూ విడివిడి పద్దులు రాయాలి, కమిటీ తీర్మానంలో జీతం ఎంతో వేయాలి, ఆ తీర్మానం రాసేటప్పుడు పాస్టరుగారు గదిలో ఉండకూడదు. మేనల్లుడూ, మీ మావయ్య దగ్గరికి ఈ మాటతోనే వెళ్ళు, అనుమానంతో వచ్చాడనుకోడు.

స్టాఫ్‌నర్సు_భీమవరం:
పోస్టర్ల సంగతి కూడా. "క్యాన్సర్, పక్షవాతం, షుగర్ మాయం, నూనె సీసా ఉచితం" అని వేస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది, తాయెత్తు, మంత్రం, మహిమ గల వస్తువు ఏదైనా చూపించి ఆ జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడదు, మొదటిసారికే ఆర్నెల్ల దాకా జైలు పడొచ్చు. "ప్రార్థన కూడిక, అందరూ రండి" అని వేసుకోండి, చాలు.

మతిస్థిమితం లేనివాళ్ళని తెచ్చి వదిలేసి వెళ్తామంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి. తమిళనాడు ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న దర్గా దగ్గరి ఒక హోములో పాకలు తగలబడితే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పోయారు. స్వస్థత కోసమని ఇంటివాళ్ళే తెచ్చి పెట్టినవాళ్ళు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో గొలుసులు వేయడం నిషేధం. ప్రార్థన చేయండి, కాకినాడ పెద్దాసుపత్రికి కూడా తీసుకెళ్ళండి.

మలికిపురం_మేనల్లుడు:
వెళ్ళి మాట్లాడానండి. మాస్టారు చెప్పినట్టు జీతం మాటతో మొదలెట్టా, అత్తయ్య ముందు ఒప్పుకుంది, మావయ్య కాసేపు కొబ్బరిచెట్ల కేసి చూస్తూ కూర్చుని "నన్ను దొంగంటున్నావా" అన్నాడు, కాదు మావయ్యా రేపు ఎవడైనా అంటే వాడి మొహాన కాయితం కొట్టడానికి అన్నా. సొసైటీకి ఏడుగురి పేర్లు రాశాం, అందులో మా ఇంటి మనిషి ఒక్కడే. లెక్కపెట్టేది ఒక రిటైర్డు టీచరుగారు, స్త్రీల వైపు నించి ఒకామె. బోర్డు కూడా సరే అన్నాడు. మందులు ఆపొద్దని మొన్న శుక్రవారమే మైకులో చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు. ఫారాలు ఇప్పుడు కూడిక అయ్యాక ఇస్తున్నాం. లోపలి గది తలుపు అత్తయ్య పీకించేసింది, అడగను కూడా అడగలేదు.

ఒప్పుకోనిది ఒకటే, సాక్ష్యాలు. మూడు నెలలు ఆగి రిపోర్టులు చూసి చెప్పిద్దాం అంటే "దేవుడికి స్తోత్రం చెప్పడానికి వాయిదా ఏంట్రా" అంటున్నాడు. అక్కడ ఆగిపోయాం.

గౌరీపట్నం_యాత్రికుడు:
స్తోత్రం ఆపొద్దు. ఆ రోజే "నాకు హాయిగా ఉంది, దేవునికి వందనాలు" అనొచ్చు. "నా షుగర్ పోయింది" అనడమూ, దాన్ని వీడియో తీసి యూట్యూబులో పెట్టడమూ, ఈ రెండే ఆపండి. వీడియోకి ఆ మనిషి సంతకం, రిపోర్టులు, డాక్టరు చూశాకే. తర్వాత తిరగబెడితే ఆ వీడియో తీసేయాలి, ముందే రాసుకోండి.

అభిషేకం_ఆనంద్:
నేను ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. కానీ అమ్మగారి మాట విన్నాక జీతం సంగతి మా సంఘంలో కూడా ఎత్తుతాను. వీడియో తీసేయడం మాత్రం నాకు మింగుడు పడట్లేదు, ఆ రోజు జరిగింది నిజమే కదా.

మస్కట్_అక్క:
తమ్ముడూ, నాకు మీ మావయ్యగారి పాత నంబరు మా పిన్ని ఇచ్చింది, పోయిన నెల కొంత వేశాను. అది ఇప్పుడు ఏ లెక్కలోకి వస్తుంది?

మలికిపురం_మేనల్లుడు:
అక్కా, కొత్త ఖాతా తెరిచే రోజుకి పాత నంబరులో కానుకల కింద మిగిలింది ఎంతో చూసి మావయ్య చేత ఒకే చెక్కు రాయిస్తున్నాం, అది బోర్డు మీద మొదటి లైను. నీది ఏ తారీకున వేశావో మెసేజ్ పెట్టు, స్టేట్‌మెంటులో వెతికి రసీదు రాస్తాను. రసీదు పుస్తకాలు పాలకొల్లులో ప్రింటింగుకి ఇచ్చాం, నంబర్లు వేసి రెండు కాపీలవి, గురువారానికి వస్తాయన్నారు.